ముందు మన చేతిలోవి, తర్వాత వంటింట్లోవి: బరువు తగ్గే పనికి ఒక వరస

బరువు తగ్గాలని నిర్ణయించుకున్న మొదటి వారంలోనే చాలామంది పది మార్పులు ఒకేసారి నెత్తికెత్తుకుంటారు. అన్నం బంద్, పంచదార బంద్, నూనె బంద్, తెల్లవారుజామున గంట నడక, రాత్రికి రెండు పుల్కాలు, ఇంట్లోవాళ్లకి ఒక వంట, తమకి వేరే వంట. పదో రోజుకి ఒంట్లో నీరసం, ఇంట్లో గొడవ, మనసులో 'ఇది నావల్ల కాదు' అన్న మాట మిగులుతాయి. దానికి అందరూ పెట్టే పేరు పట్టుదల లేకపోవడం. ఆ పది మార్పులనీ ఒక్కొక్కటిగా విప్పి చూస్తే మాత్రం ఆరేడు ఆ మనిషి చేతిలో ఉన్నవే కావని తెలుస్తుంది. ఎసట్లో ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలో అత్తగారు చెబుతారు. మూకుడులో ఎంత నూనె పడాలో వండేవారి చెయ్యి చెబుతుంది. పొద్దున్న ఆరింటికి పిల్లల క్యారేజీలు సర్దాల్సిన మనిషి అయిదింటికి నడకకి పోవాలంటే ఆ పని ఇంకొకరు అందుకోవాలి. మన చేతిలో లేనివాటితో మొదలుపెడతాం గనుకే మొదలు అంత కొండలా కనిపిస్తుంది.

ఒడిశా దక్షిణపు అంచున, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. వంటలో రెండు భాషల రుచులుంటాయి, క్యాలెండర్లో రెండు సంప్రదాయాల పండుగలుంటాయి. ఫోన్లో దొరికే డైట్ చార్టులేమో ఓట్సూ, క్వినోవా, అవకాడో అంటాయి. వాటిలో కూరగాయల పప్పు దాల్మా కనబడదు, నీళ్లు పోసిన అన్నం పఖాళ కనబడదు, చోడి (రాగి) అంబలి కనబడదు. ఇంట్లో ఉన్నది మానేసి ఊళ్లో లేనిది కొనుక్కోమనే చార్టు నాలుగు రోజులు నడిస్తే గొప్పే.

అందుకే పనుల వరస మార్చాలి. మొదట ఎవరి అనుమతీ అక్కర్లేనివి. ఆ తర్వాత మన ఒక్క కంచంలో మార్పులు. అందరూ తినే గిన్నెలో మార్పులు చిట్టచివర. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని ఎదురుచూస్తే అది రాదు. చిన్న పని నాలుగు రోజులు వరసగా జరిగితే వెనకాలే వస్తుంది.

భయపెట్టే అంకె

160 సెంటీమీటర్ల ఎత్తు, 85 కిలోల బరువు ఉన్న మనిషిని తీసుకుందాం. బరువుని, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే బీఎంఐ 33. భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. యూరప్‌వాళ్ల కొలత 25, 30 అయినా మనకి తగ్గించడానికి కారణం ఉంది. అదే బీఎంఐ దగ్గర మన ఒంట్లో, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కొవ్వు ఎక్కువగా ఉంటుంది. ఆ లెక్కన ఈ మనిషి 59 కిలోలకి రావాలి. అంటే 26 కిలోలు తగ్గాలి. ఈ అంకె కాగితం మీద చూడగానే సగం మంది అక్కడే ఆగిపోతారు.

ఆరోగ్యానికి మేలు 26 కిలోలు తగ్గేదాకా ఆగి మొదలవదు. ఉన్న బరువులో 5 శాతం తగ్గినప్పటి నుంచే బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) కిందికి దిగడం కనిపిస్తుంది. 85 కిలోలకి 5 శాతమంటే నాలుగుంపావు కిలోలు. మధుమేహం అంచున ఉన్నవారి మీద అమెరికాలో జరిగి 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో పెట్టుకున్న లక్ష్యం 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల నడక. అంతమాత్రానికే మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. చెన్నై నుంచి 2006లో వెలువడిన భారతీయ అధ్యయనం మనకి ఇంకా దగ్గరిది. మామూలుగా వదిలేసినవారిలో మూడేళ్లకి 55 శాతం మందికి మధుమేహం వస్తే, తిండీ నడకా సరిదిద్దుకున్నవారిలో 39 శాతం మందికే వచ్చింది. అదీ బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గకుండానే. మిషన్ మీద ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నిరాశపడి మానేద్దామనుకునే ప్రతి ఒక్కరికీ చేరాల్సిన సంగతి ఇది.

మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంకో లెక్క. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నాలుగు కిలోలు తగ్గితే పదహారు కిలోలు. మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఆ తేడా మూడు నాలుగు నెలల్లోనే తెలుస్తుంది.

కాబట్టి మొదటి లక్ష్యం 5 శాతం, గడువు మూడు నాలుగు నెలలు. తర్వాతది తర్వాత.

మొదటి రెండు వారాలు: నడక, టీ

రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాల నడక. మొదటి రెండు వారాలూ దీన్ని పెంచనక్కర్లేదు. గంట నడవగలిగే ఓపిక ఉన్నా పది నిమిషాలకే ఆపడం మంచిది. ఈ దశలో కరిగించేది కొవ్వు కాదు, వేసేది అలవాటు. భోజనం తర్వాత నడిస్తే తిన్న అన్నం వల్ల రక్తంలో పెరిగే షుగరు కూడా కాస్త అదుపులో ఉంటుంది, ఇది అదనపు లాభం. పొద్దున్న నడకలో ఈ సౌలభ్యం లేదు. దానికి తొందరగా లేవాలి, అంటే తొందరగా పడుకోవాలి, అంటే ఇంటి పని మొత్తం గంట ముందుకి జరగాలి.

'రోజూ నడుస్తాను' అనే నిర్ణయం నిలవదు. 'తిన్న కంచం కడిగి బోర్లించగానే చెప్పులు తొడుక్కుంటాను' అనేది నిలుస్తుంది. అప్పటికే రోజూ జరిగే ఒక పని తోకకి కొత్త పనిని ముడివేస్తే గుర్తుపెట్టుకోవాల్సిన శ్రమ పోతుంది. చెప్పుల మాట కూడా చూసుకోవాలి. పల్చని రబ్బరు చెప్పులతో బరువున్న మనిషి రోజూ నడిస్తే రెండు మూడు వారాల్లో మడమ నొప్పి పట్టుకుంటుంది, ఆ వంకతో నడక ఆగిపోతుంది. వెనక పట్టీ ఉన్న చెప్పులో, కాన్వాసు బూట్లో ఉంటే చాలు.

ఆడవాళ్లకి ఇంకో అడ్డు ఉంటుంది. వీధిలో నడుస్తుంటే పలకరింపులు, చూపులు, 'ఏమ్మా, డాక్టరు చెప్పారా?' అన్న ఆరాలు. ఇది చిన్న విషయమని కొట్టిపారెయ్యకూడదు, చాలా నడకలు ఆగేది ఇక్కడే. పక్కింటి వదినతో కలిసి ఇద్దరుగా బయల్దేరితే ఆరాలు సగం తగ్గుతాయి. అదీ కుదరకపోతే డాబా ఉంది. 30 అడుగుల పొడవున్న డాబా మీద ఈ చివరి నుంచి ఆ చివరికి డెబ్బై సార్లు నడిస్తే పది నిమిషాలు దాటుతుంది. జయపురంలో జగన్నాథ సాగరం గట్టు లాంటి చోటు దగ్గర్లో ఉన్నవారి సంగతి వేరు. లేనివారు దానికోసం ఆగనక్కర్లేదు. ఏప్రిల్, మే ఎండల్లో రాత్రి నడకే మేలు. వానాకాలంలో, అక్టోబరు తుఫాను రోజుల్లో ఇంటి లోపల గది నుంచి గదికి నడిచినా లెక్కే.

మూడో వారం నుంచి వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచితే ఆరో వారానికి అరగంట అవుతుంది. వేగం నిమిషానికి వంద అడుగులు వేసేంత. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అరగంట చొప్పున వారానికి అయిదు రోజులంటే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే కనీస లెక్క అదే.

రెండో పని టీ. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార అయితే ఎనిమిది చెంచాలు, 40 గ్రాములు, 160 కేలరీలు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు, మూడో రోజుకి మళ్లీ మొదటికే. నాలుగైదు రోజులకి అర చెంచా చొప్పున తగ్గిస్తే రెండు వారాల్లో సగానికి వస్తుంది, నాలుక కూడా అలవాటుపడుతుంది. బెల్లం టీకి మారినా కేలరీల్లో తేడా రాదు. బెల్లం మంచిదన్న భరోసాతో ఇంకో చెంచా ఎక్కువే పడుతుంది.

ఈ రెండు వారాలూ అన్నం తగ్గించే జోలికి పోవద్దు. గోడ క్యాలెండర్లో నడక జరిగిన తేదీ మీద ఒక టిక్కు, టీ మాట నిలబెట్టుకున్న తేదీ మీద ఇంకో టిక్కు. బరువు అంకె రాయనక్కర్లేదు. టిక్కు మన చేతిలో ఉంటుంది, అంకె ఉండదు. ఒకరోజు తప్పితే ఏమవుతుందన్న భయానికి లండన్ యూనివర్సిటీ కాలేజీవారి 2010 అధ్యయనంలో జవాబు దొరుకుతుంది. కొత్త పని అలవాటుగా మారడానికి మనుషులని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టింది, మధ్యస్థంగా 66. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందని చెప్పేవారిని నమ్మి, 22వ రోజున ఇంకా కష్టంగా ఉందని మానేసేవారు ఎందరో. ఒక రోజు తప్పవచ్చు, వరసగా రెండో రోజు తప్పకుండా చూసుకుంటే చాలు. జ్వరం వచ్చిన రోజు, చుట్టాలొచ్చిన రోజు, కరెంటు పోయిన రోజు కోసం ఒక కనీసపు లెక్క ముందే పెట్టుకోవాలి: అయిదు నిమిషాల నడక. అదీ టిక్కే.

మూడో వారం: కంచం

మధ్యాహ్నం కంచాన్ని దగ్గరగా చూద్దాం. కుక్కరు మూత తీసి హస్తంతో మూడుసార్లు వడ్డిస్తే కంచంలో పడే అన్నం దాదాపు 450 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాములకి 130 కేలరీలు గనుక 585. దాని పక్కన రెండు చెంచాల వేపుడు, పప్పో దాల్మానో ఒక గరిటె, అప్పడం, చివర్న పెరుగన్నానికి మళ్లీ అర హస్తం. కంచంలో మూడొంతులు తెల్లగా ఉంటుంది. కూర అన్నాన్ని దిగమింగడానికి తోడు మాత్రమే.

ఇక్కడ అన్నం మానేయడం కాదు, వడ్డించే వరస తిప్పడం పనికొస్తుంది. ముందు కూర, దాల్మా కంచంలో సగానికి వడ్డించుకోవాలి. తర్వాత అన్నం రెండు హస్తాలు, సుమారు 300 గ్రాములు. పెరుగు అన్నంతో కాకుండా విడిగా గిన్నెలో. తేడా 195 కేలరీలు. ఆకలి తెలియకుండా ఉండేది కూర పెరిగినందువల్లే. దాల్మా దీనికి మంచి సాయం. పెసరపప్పో కందిపప్పో, గుమ్మడి, అరటికాయ, బొప్పాయికాయ, ములక్కాడ కలిపి ఉడికించేది కాబట్టి కడుపు నింపుతుంది. పోపులో నెయ్యి ఒక చెంచా దాటకుండా చూసుకోవాలి. కూర పెంచకుండా అన్నం ఒక్కటే తగ్గిస్తే సాయంత్రం నాలుగున్నరకి బరా (గారె), ఘుగుని (బఠాణీ కూర) బండి దగ్గర నిలబడాల్సి వస్తుంది. అక్కడ తిన్నవి రెండు బరాలయినా, ఒక సింగడా (సమోసా) అయినా మధ్యాహ్నం మిగిల్చిన 200 కేలరీలూ అక్కడే తీరిపోతాయి.

మాంసకృత్తుల గురించి చెప్పేవారు చికెన్, పనీర్, ప్రోటీన్ పొడి అంటారు. రేషన్ బియ్యంతో నెల గడిచే ఇంట్లో ఆ మాట నిలవదు. ఉలవలు, పెసలు 30 గ్రాములకి ఆరేడు గ్రాముల మాంసకృత్తులిస్తాయి, కోడిగుడ్డు ఆరు గ్రాములు, వంద గ్రాముల చేప 18 దాకా. సోయా ముక్కలు 50 గ్రాములకి పాతిక గ్రాములు, ధర కూడా తక్కువ. ప్రతి పూటా వీటిలో ఏదో ఒకటి కంచంలో ఉంటే కండ తగ్గకుండా ఉంటుంది, ఆకలి కూడా ఆలస్యంగా వేస్తుంది. కండ కరిగి బరువు తగ్గితే మిషన్ మీద అంకె బాగానే కనిపిస్తుంది గానీ మెట్లెక్కే ఓపిక పోతుంది.

వేసవిలో పఖాళ గురించి రెండు మాటలు. నీళ్లు పోసినంతమాత్రాన అన్నంలో కేలరీలు తగ్గవు. అయితే 150 గ్రాముల అన్నం, గ్లాసున్నర నీళ్లు, రెండు గరిటెల పెరుగు కలిస్తే పెద్ద గిన్నె నిండుతుంది. గిన్నె నిండుగా ఉంటే కన్నూ కడుపూ రెండూ శాంతిస్తాయి. తేడా కొట్టేది పక్కన పెట్టుకునేవాటితో: నూనెలో వేయించిన వడియాలు, బంగాళాదుంప వేపుడు, వేపిన చేప. నిప్పుల మీదో మంట మీదో కాల్చిన వంకాయ, కాల్చిన టమాటా పచ్చడి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉడికించిన తోటకూర, కాల్చిన చేప అయితే అదే పఖాళ బరువు తగ్గేవారి భోజనమే. బీపీ ఉన్నవారు ఎండుచేపల ఉప్పు దగ్గర జాగ్రత్తపడాలి. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు.

చోడి అంబలి మీద ఈమధ్య నమ్మకం పెరిగింది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక మాండియా, అంటే చోళ్లు, మళ్లీ అందరి వంటింట్లోకీ వచ్చింది, సంతోషించాల్సిన సంగతే. ఒక్క పొరపాటు సరిదిద్దాలి. చోళ్లలో కేలరీలు బియ్యం కన్నా పెద్దగా తక్కువేమీ కావు. వంద గ్రాముల పిండికి 320, బియ్యానికి 350. చోళ్ల మేలు పీచులో, కాల్షియంలో ఉంది. 30 గ్రాముల పిండితో గ్లాసు అంబలి కాస్తే వంద కేలరీల లోపే, మజ్జిగా ఉల్లిపాయా వేసుకుంటే పొద్దున్న ఎండలో హాయి. అదే అంబలిలో రెండు పెద్ద చెంచాల బెల్లం కలిపితే ఇంకో 110 చేరి రెట్టింపవుతుంది.

పెట్టే చెయ్యి, పండుగల వరస

కంచం మార్చుకోగానే వడ్డించేవారితో పేచీ మొదలవుతుంది. 'ఇంకో ముద్ద తినమ్మా, ఏం తిన్నావని?' అనే మాట వెనక ప్రేమే ఉంటుంది, దాన్ని ఎదిరించి గెలవడం ఎవరివల్లా కాదు. చెయ్యి అడ్డం పెట్టి 'వద్దు' అంటే మనసు నొచ్చుకుంటుంది. అడిగి తీసుకుంటే నొచ్చుకోదు. 'అన్నం చాలండి అత్తయ్యా, ఆ దాల్మా ఇంకో గరిటె వెయ్యండి' అంటే పెట్టేవారికి పెట్టిన తృప్తి, తినేవారికి లెక్క తప్పని తిండి. డైటింగ్ అనే మాట ఇంట్లో ఎత్తకపోవడమే మంచిది. ఆ మాట వినగానే ఇంట్లో అందరూ కాపలాదారులో, సలహాదారులో అయిపోతారు.

పండుగల దగ్గర ఈ సరిహద్దు ఇళ్ల పరిస్థితి ప్రత్యేకం. ఉగాది అయ్యాక పణా సంక్రాంతి, బరంపురంలో రెండేళ్లకొకసారి ఠాకురాణి యాత్ర, జూన్ నడుమ రజ పండుగకి పొడపిఠా, రథయాత్ర, శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి, దసరా, కుమార పూర్ణిమ, దీపావళి, మార్గశిరంలో లక్ష్మీ గురువారాలు, మళ్లీ సంక్రాంతి. 'ఈ పండుగ అయ్యాక మొదలుపెడదాం' అనుకుంటే సంవత్సరంలో ఆ ఖాళీ ఎక్కడా దొరకదు. దీనికి పండుగ మానుకోనక్కర్లేదు. పండుగ రోజు పండుగే, ఆ రోజు లెక్కలు లేవు. ఒక రోజు భోజనం వల్ల కొవ్వు పెద్దగా చేరదు. చేరేది ఆ తర్వాత పదిహేను రోజులు డబ్బాలో ఉండే అరిసెలు, జంతికలు, కాకరాల వల్ల. వచ్చేపోయేటప్పుడల్లా చెయ్యి అటు పోతుంది. వండిన రోజే సగం డబ్బా చుట్టుపక్కలకి పంచిపెట్టి, మిగిలింది అటక మీద పెడితే సమస్య చాలావరకు తీరుతుంది.

మొదలుపెట్టడానికి ఇక్కడివారికి సంవత్సరంలో ఒక మంచి కాలం ఉంది, కార్తీకం. ఒడియా లెక్కలో కార్తీకం కుమార పూర్ణిమ మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో ముగుస్తుంది. తెలుగు లెక్కలో దీపావళి మర్నాడు మొదలై అమావాస్యదాకా సాగుతుంది. రెండూ పాటించే ఇళ్లలో దాదాపు నెలన్నర వంటిల్లు తనంతట తానే మారిపోయి ఉంటుంది. నీసు ఉండదు, ఉల్లి వెల్లుల్లి తగ్గుతాయి, బయటి తిండి తగ్గుతుంది, ఇంటిల్లిపాదికీ ఒక నియమం నడుస్తుంటుంది. ఎందుకు తక్కువ తింటున్నావని అడిగేవారే ఉండరు. వాతావరణం కూడా చల్లబడుతుంది గనుక నడక సులువు. అయితే రెండు గుంతలున్నాయి. సోమవారం పగలంతా ఉపవాసం ఉండి చీకటిపడ్డాక సగ్గుబియ్యం పాయసం, వేపుళ్లతో రెండు పూటల తిండి ఒకేసారి తినడం మొదటిది. కార్తీక పూర్ణిమ మర్నాడు ఒడియా ఇళ్లలో నీసు విందుగా జరిపే ఛాడఖాయి రెండోది. ఆ ఒక్క రోజు విందు విందుగానే ఉండి, మర్నాటి నుంచి పాత కంచానికి తిరిగొస్తే నష్టం లేదు. వారమంతా సాగితే నెలన్నర లాభం కరుగుతుంది.

రెండో నెల: అందరి గిన్నె

ఇప్పటికి నడక నిలబడింది, కంచం మారింది, నడుం దగ్గర జాకెట్టో ప్యాంటో వదులవుతోందని ఇంట్లోవాళ్లే గమనించడం మొదలుపెట్టారు. నూనె మాట ఎత్తడానికి సమయం ఇదే. మొదటి రోజున ఎత్తితే వండేవారిని తప్పుపట్టినట్టుంటుంది. ఫలితం కనిపించాక ఎత్తితే వారే ముందుకొస్తారు.

కూరకి కూర కొలవనక్కర్లేదు. నెలకి ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో చూస్తే చాలు. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటర్లయితే మనిషికి రోజుకి దాదాపు 30 గ్రాములు, 270 కేలరీలు. ప్యాకెట్ తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాస్తే వారం రోజులకి అయిపోతోందని కళ్లబడుతుంది. దాన్ని పది రోజులకి సాగదీస్తే నెలకి మూడు లీటర్లే, మనిషికి రోజుకి 70 కేలరీలు మిగులు. సీసాతో వంచకుండా చెంచాతో పోయడం, వేపుడు కూరకి ముందు ముక్కల్ని ఉడికించడం, అప్పడం వేయించకుండా కాల్చడం, ఈ మూడింటితోనే ఒక ప్యాకెట్ తగ్గుతుంది. వేయించిన నూనెని దాచి మళ్లీ మళ్లీ వాడే అలవాటుంటే అదీ ఇప్పుడే మానాలి.

అన్నీ కలిపి చూస్తే: అన్నం 195, టీ 80, నూనె 70, అరగంట నడకతో 85 కిలోల మనిషికి అదనంగా ఖర్చయ్యేది సుమారు 100. రోజుకి 445 కేలరీలు. ఒక కిలో కొవ్వుకి దాదాపు 7,700 కేలరీలు గనుక వారానికి 400 గ్రాములు. ఏదీ మానలేదు, ఆకలితో పడుకోలేదు, కొత్త సామాను కొనలేదు. అన్ని రోజులూ లెక్క నిలవదు, బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది. అందువల్ల ఈ లెక్క పూర్తిగా కుదిరాక మూడు నెలల్లో చేతికొచ్చేది మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. 5 శాతం లక్ష్యం అక్కడే ఉంది.

జేకేపూర్ కాగితం మిల్లులో, దమన్‌జోడి నాల్కోలో షిఫ్టు పనివారికి ఈ లెక్క తిన్నగా అతకదు. రాత్రి షిఫ్టులో అసలు భోజనం డ్యూటీకి వెళ్లేముందే తినాలి. అర్ధరాత్రి దాటాక ఆకలేస్తే ఉడకబెట్టిన గుడ్డో, నానబెట్టిన శనగలో, గుప్పెడు మరమరాల్లో (ముఢీ) ఉల్లిపాయ కలుపుకునో సరిపెట్టుకోవాలి. పగటి నిద్రకి గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకోవడం ఇక్కడ నడకంత ముఖ్యం. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదికీ వేపుళ్ల మీదికీ పోతుంది.

ముల్లు ఆగిపోయినప్పుడు

అన్నం తగ్గించిన మొదటి వారంలో కిలోన్నర, రెండు కిలోలు తగ్గడం మామూలే. ఆ సంతోషమే తర్వాత శత్రువవుతుంది. కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. దాని ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది ఆ నిలవ, దాంతోపాటు నీరు పోతుంది. ముల్లు కిందికి దిగింది ఎక్కువగా నీటివల్ల. రెండో వారంలో 300 గ్రాములే తగ్గుతుంది, మూడో వారంలో అసలు కదలదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. చాలా ప్రయత్నాలు ఇక్కడే ముగుస్తాయి. నిజానికి కొవ్వు తగ్గడం సరిగ్గా నడుస్తున్న వారం అదే.

ముందురోజు ఆవకాయో, ఎండుచేపో, విందులో బిర్యానీయో తింటే ఉప్పు నీటిని పట్టి మర్నాడు కిలో ఎక్కువ చూపిస్తుంది. నెలసరికి ముందు కిలో, రెండు కిలోలు పెరగడం సహజం. మలబద్ధకమున్నా తేడా కనబడుతుంది. కాబట్టి వారానికి ఒకే రోజు, పొద్దున్నే దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే మిషన్ మీద చూసుకోవాలి. ఒక వారం అంకెని ఇంకో వారంతో కాదు, నాలుగు వారాల కిందటి అంకెతో పోల్చాలి. నెలకొకసారి టేపుతో నడుం కొలవాలి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ప్రమాదం. ముల్లు కదలని నెలలో టేపు రెండు సెంటీమీటర్లు తగ్గి చూపడం తరచు జరుగుతుంది.

నాలుగు వారాలు బరువూ నడుమూ రెండూ కదలకపోతే ముందు చేయాల్సింది తిండి ఇంకా తగ్గించడం కాదు. హస్తం మళ్లీ మూడోసారి పడుతోందా, సాయంత్రం టీతో మిక్చరు చేరిందా, నడక ఇరవై నిమిషాలకి జారిందా చూసుకోవాలి. నూటికి తొంభై చోట్ల సమాధానం అక్కడే ఉంటుంది. అక్కడ లేకపోతే డాక్టరు దగ్గర. థైరాయిడ్ తక్కువగా ఉండటం, పీసీఓడీ, దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇన్సులిన్ బరువుని పట్టి ఉంచుతాయి. ఇందులో మనిషి తప్పేమీ లేదు, బద్ధకమూ లేదు. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించాలి, వాడే మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లాలి. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఇవన్నీ చూస్తారు.

షుగరుకి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు అన్నం తగ్గించడానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. పాత మోతాదు మాత్ర వేసుకుని కొత్త మోతాదు అన్నం తింటే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగాలి. గర్భిణులు ఈ లెక్కలేవీ పాటించకూడదు. నెలకి ఆరేడు కిలోలు తగ్గిస్తామనే పొడులూ ప్యాకేజీలూ ఎవరు అమ్మజూపినా కొనవద్దు. అంత వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు, జుట్టు రాలడం, కండ కరగడం వెంటే వస్తాయి. వారానికి అర కిలో చాలు, ఎక్కువలో ఎక్కువ ఒక కిలో.

5 శాతం చేరాక దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మళ్లీ చూపించుకుని, మొదటి రోజు అంకెల పక్కనే రాసుకోవాలి. ఆ తర్వాత ఒక నెల కొత్త మార్పేదీ చేర్చనక్కర్లేదు, ఉన్న బరువు పెరగకుండా చూసుకుంటే చాలు. ఆ నెల నిలబడ్డాక తర్వాతి 5 శాతం మొదలుపెట్టవచ్చు. అప్పటికి ఈ మనిషి బరువు 81 కిలోలు గనుక ఈసారి తగ్గాల్సింది నాలుగు కిలోలు.